రష్యన్‌కి దారి ఇంగ్లీషు మీదుగా లేదు

"మిలిటరీ అకాడమీలో చేరబోతున్నాను. డిగ్రీతో పాటు ఒక విదేశీ భాష తప్పనిసరి అంటున్నారు. రష్యన్, అరబిక్, చైనీస్, ఫ్రెంచ్‌లలో ఏది అడగాలి? నేను తెలుగు మీడియం, ఇంగ్లీషే అంతంతమాత్రం. పీటీ, డ్రిల్ అయ్యాక క్లాసులో కళ్ళు తెరిచి ఉంచడమే కష్టమట. ఆ పరిస్థితిలో భాష నిజంగా వస్తుందా? వచ్చినా తర్వాత పనికొస్తుందా?" అని అడిగావు.

తమ్ముడూ, నేను క్యాడెట్‌గా రష్యన్ చదివాను. సర్వీసులోకి వచ్చాక శాంతిదళంలో పనికోసం ఫ్రెంచ్ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు క్యాడెట్ల భాషా క్లాసుల వ్యవహారం చూసే పని పడింది కాబట్టి అరబిక్, చైనీస్ కుర్రాళ్ళు ఎక్కడ తడబడతారో కూడా దగ్గర్నుంచి చూశాను. నీ ప్రశ్నలో నాకు గుచ్చుకున్నది నిద్ర గురించి రాసిన మాట కాదు. "తెలుగు మీడియం" అని సంజాయిషీ చెప్పుకున్నట్టు రాశావే, అది. ముందు దాని సంగతి చూద్దాం.

భాషల కష్టసుఖాల గురించి ఇంటర్నెట్‌లో తిరిగే లెక్క ఒకటుంది. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థది. ఉద్యోగానికి సరిపడా స్థాయి రావాలంటే ఫ్రెంచ్‌కి సుమారు 750 క్లాసు గంటలు, రష్యన్‌కి 1,100, అరబిక్‌కీ చైనీస్‌కీ 2,200 అని. అది చూసి కుర్రాళ్ళు ఫ్రెంచ్ తేలిక, మిగతావి కొరకరాని కొయ్యలు అనుకుంటారు. కానీ ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్ళది. నీది కాదు. ఇంగ్లీషు నుంచి ఫ్రెంచ్ పక్కవీధి, రష్యన్ ఊరవతల. తెలుగు నుంచి కొలిస్తే దూరాలు మారిపోతాయి.

నా సంగతే చెబుతాను. మా రష్యన్ పాఠ్యపుస్తకంలో వివరణలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. రెండో వారంలో అనుకుంటా, "నాకు చలిగా ఉంది" అనే వాక్యం వచ్చింది. రష్యన్‌లో అది "మ్న్యే ఖోలద్న". పుస్తకం దాన్ని విప్పి చెప్పడానికి అర పేజీ తీసుకుంది: ఇంగ్లీషులో "నేను" కర్త, రష్యన్‌లో కర్త ఉండదు, మనిషిని చతుర్థిలో పెడతారు, ఇది అనుభవాన్ని చెప్పే ప్రత్యేక నిర్మాణం, వగైరా. నేను ఆ అర పేజీనీ బట్టీ కొట్టాను. ఆ రాత్రి దుప్పట్లో ముడుచుకుని పడుకున్నాక వెలిగింది. "మ్న్యే" అంటే "నాకు". "ఖోలద్న" అంటే "చలిగా". నాకు చలిగా. అంతే. పుట్టినప్పట్నుంచీ నేను మాట్లాడుతున్న వాక్యమే అది. ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి, అక్కడ తలకిందులు చేసి, మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటున్నాను.

మర్నాటి నుంచి పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగు రాసుకోవడం మొదలుపెట్టాను. "ఉ మిన్యా యేస్త్ కార్త": నా దగ్గర మ్యాపు ఉంది. ఇంగ్లీషులో మనిషి వస్తువును "కలిగి ఉంటాడు". రష్యన్‌లో మనలాగే వస్తువు మనిషి దగ్గర ఉంటుంది. "మ్న్యే ద్వాత్సత్ ల్యేత్": నాకు ఇరవై ఏళ్ళు. "ఎత క్నీగ": ఇది పుస్తకం. వర్తమానంలో "అయి ఉన్నది" లాంటి క్రియ వాళ్ళూ పెట్టరు, మనమూ పెట్టం. విభక్తులు ఆరు అనగానే ఇంగ్లీషు మీడియం మిత్రులు బెంబేలెత్తిపోయారు. మనం చిన్నప్పుడే కు, లో, తో అని తోకలు తగిలించడం నేర్చుకుని వచ్చాం. "కరందాష్" పెన్సిల్, "కరందషోమ్" పెన్సిల్‌తో. అలాగే "చితాల్" అంటే చదివాను, "ప్రచితాల్" అంటే చదివేశాను. రెండు భాషల్లోనూ అచ్చం ఒకటే అనను, పైస్థాయికి వెళ్ళాక తేడాలు బయటపడతాయి. కానీ మొదటి ఏడాదికి "చదివాను, చదివేశాను" అనే తేడా చేతిలో ఉన్నవాడికి ఆ అధ్యాయం సగం అయిపోయినట్టే.

తెలుగు ఆదుకోని చోట్లు కూడా చెప్పాలి. మనం "కొత్త పెన్సిల్‌తో" అంటే "కొత్త" కదలదు. రష్యన్‌లో అది కూడా తోక మార్చుకుంటుంది: "నోవీ కరందాష్", "నోవిమ్ కరందషోమ్". పుస్తకానికీ కిటికీకీ కూడా లింగం ఉంటుంది. అక్కడ బట్టీ తప్పదు. ఉన్న కాస్త ఓపికనీ వాటికి దాచుకో, తెలుగులో ఉన్నవాటి మీద తగలెయ్యకు.

చైనీస్ అయితే ఇంకా సరదా. వాక్యం చివర "మా" తగిలిస్తే ప్రశ్న అవుతుంది. "ని లాయ్" నువ్వొస్తావు, "ని లాయ్ మా?" నువ్వొస్తావా? "మేము", "మనం" అనే తేడా ఇంగ్లీషువాడికి గంటసేపు చెప్పాలి. బీజింగ్ వైపు మాటలో ఆ రెండింటికీ వేరువేరు పదాలున్నాయి: ఎదుటివాణ్ణి కలుపుకుంటే "ౘామన్", కలుపుకోకపోయినా చెల్లేది "వొమన్". ఆ మొదటి అక్షరం మనం "చాప" అనేటప్పుడు పలికే చ. ఒత్తుల సంగతీ అంతే. మనం "బీజింగ్" అని రాస్తాం గానీ వాళ్ళు పలికేది బ కాదు, దాదాపు ప. వాళ్ళ భాషలో తేడా ప, బ ల మధ్య కాదు, ఒత్తు లేని ప, ఒత్తున్న ప ల మధ్య.  ఆ తేడా నీకు ఒకటో తరగతి అక్షరమాలలోనే వచ్చేసింది.

అరబిక్‌లో మాటలే సగం చుట్టాలు. హాజరు, జవాబు, తారీఖు, ఖాళీ, కలం అన్నీ అక్కణ్ణుంచి నడిచొచ్చినవే. "సువాల్" అంటే ప్రశ్న, మన దగ్గరికొచ్చి సవాలైంది. రోల్‌కాల్‌లో పేరు పిలిస్తే అరబ్బు సైనికుడు "హాదిర్" అంటాడు. మన హాజరే అది. ఇక ధాతువు పట్టుకుంటే మాటలు గుత్తులుగా వస్తాయి: కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాయబడినది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. క్లాసులో నేర్పేది వార్తల్లో, పత్రాల్లో వాడే ప్రామాణిక అరబిక్. ఇళ్ళలో, వీధుల్లో ఏ దేశం యాస దానిదే. మొదటిసారి మామూలు మనుషుల మాట విని "ఇన్నాళ్ళూ నేను చదివింది ఏ భాష?" అని బిక్కమొహం వేసిన ఆఫీసర్లు నాకు తెలుసు.

ఇంత చెప్పి ఒక విషయం నొక్కి చెప్పాలి. అర్థానికి తెలుగు మీదుగా వెళ్ళు, అక్షరానికి మాత్రం వెళ్ళకు. విదేశీ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని చదివే అలవాటు మొదటి టర్మ్‌లో ఊతకర్రలా ఉంటుంది, రెండో టర్మ్‌కి సంకెల అవుతుంది. చైనీస్‌లో "కొను", "అమ్ము" రెంటినీ తెలుగులో రాస్తే "మాయ్" అనే వస్తుంది, స్వరం, అంటే గొంతు ఎక్కే దిగే తీరు, ఒక్కటే తేడా. అరబిక్‌లో గుండెకీ కుక్కకీ తెలుగు లిపిలో ఒకటే "కల్బ్". రష్యన్‌లో "సోదరుడు", "తీసుకోవడం" రెండూ "బ్రాత్" లాగే కనిపిస్తాయి, రెండోదాని చివర త మెత్తబడుతుంది. ఈ జవాబులో నేను తెలుగు లిపిలో రాసినవన్నీ కూడా అలాంటి ఉజ్జాయింపులే, వీటిని పట్టుకుని ఉచ్చారణ నేర్చుకోవద్దు. రష్యన్ లిపికి 33 అక్షరాలు, గట్టిగా కూర్చుంటే వారం పని. కాకపోతే చేతిరాతలో త చూడ్డానికి ఇంగ్లీషు ఎమ్‌లా ఉంటుందని ముందే తెలుసుకుని ఉంచు, బోర్డు చూసి కంగారు పడవు. అరబిక్ 28 అక్షరాలు, కుడి నుంచి ఎడమకి, పదంలో ఎక్కడుందో దాన్నిబట్టి ఆకారం మారుతుంది. మూడు వారాలు పెట్టుకో. చైనీస్‌కి అలాంటి గడువు లేదు. 1988లో చైనా ప్రకటించిన నిత్యవాడుక పట్టికలోనే 3,500 అక్షరాలున్నాయి. రోజుకి నాలుగైదు చొప్పున ఎక్కిస్తూ పోవడమే.

ఇప్పుడు "వస్తుందా" అనే ప్రశ్న. లెక్క వేసుకో. వారానికి నాలుగు పీరియడ్లు, నలభై నిమిషాల చొప్పున, టర్మ్‌కి పదహారు వారాలు, నాలుగు టర్ములు. మొత్తం 170 గంటలు. నీ అకాడమీలో కాస్త అటూఇటూ ఉండొచ్చు. అమెరికా సైన్యం కాలిఫోర్నియాలోని మాంటెరేలో నడిపే భాషా సంస్థలో అరబిక్, చైనీస్‌లకి 64 వారాలు, రోజంతా అదే పని. అక్కడివాళ్ళు రెండు నెలల్లో దాటేసే గంటలు నీకు రెండేళ్ళలో దొరుకుతాయి. కాబట్టి శిక్షణ ముగిసే పాసింగ్ ఔట్ నాటికి అనర్గళంగా మాట్లాడేస్తానని కలగనకు. ఆ గంటల్లో కచ్చితంగా సంపాదించగలిగినవి కొన్ని ఉన్నాయి: చెవి, లిపి, అంకెలు, తడుముకోకుండా నోట్లోంచి వచ్చే రెండు మూడు వందల వాక్యాలు. ఇవి గట్టిగా ఉంటే తర్వాత ఎప్పుడు పెద్ద కోర్సుకి పంపినా మిగతావాళ్ళ కంటే నెలలు ముందుంటావు. ఇవి లేకుండా వ్యాకరణం పట్టికలు బట్టీ కొట్టి తొంభై మార్కులు తెచ్చుకున్నవాళ్ళని చూశాను, ఏడాది తిరిగేసరికి పలకరింపు కూడా రాదు.

అంకెల గురించి ఒక అనుభవం. తూర్పు కాంగోలో ఒక ఊరి పెద్ద, కొత్తగా పారిపోయి వచ్చిన కుటుంబాలు ఎన్నో చెప్పాడు. నేను నోట్‌బుక్‌లో ఏడు అని రాసుకున్నాను. దుబాసీ నా భుజం మీదుగా చూసి "సార్, డెబ్భై" అన్నాడు. క్లాసులో నేను నేర్చుకున్న డెబ్భై "స్వసాంత్ దీస్", అంటే అరవై పది. కాంగో ఒకప్పుడు బెల్జియం వలస, అక్కడ డెబ్భైని "సెప్తాంత్" అంటారు. నాకు "సెత్" అనే ముక్కే అందింది, ఏడు. దుబాసీ చూడకపోతే డెబ్భై కుటుంబాలకి వెళ్ళాల్సిన సాయం ఏడింటికి వెళ్ళేది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అంకెల్ని నేను ఒకటి నుంచి వంద దాకా వరసగా చెప్పగలిగేవాణ్ణి, ఎదుటివాడు గబగబా ఒక్కటి విసిరితే పట్టుకోలేకపోయేవాణ్ణి.

సైనికుడికి అంకెలంటే మ్యాపు మీద చోటు చెప్పే గ్రిడ్ రిఫరెన్సు, ఫ్రీక్వెన్సీ, టైము, మనుషుల లెక్క. వాటిలో ఉజ్జాయింపు పనికిరాదు. రేడియోలో వినబడే అంకెలు మళ్ళీ వేరు. చైనా సైన్యంలో ఒకటిని "యీ" అనరు, "యావ్" అంటారు. ఏడు "చీ" కాదు, "గ్వాయ్". మామూలు మాటలో ఆ రెండూ గరగరల్లో ఒకేలా వినబడతాయి కాబట్టి. రష్యన్ డ్రిల్‌లో లెక్క "అదీన్" అని మొదలవదు, "రాజ్, ద్వా, త్రీ". ఇవి పాఠ్యపుస్తకంలో ఉండకపోవచ్చు, టీచర్ని అడుగు. చైనీస్‌లో పెద్ద సంఖ్యలకి వాళ్ళ మెట్టు పదివేలు. మన లక్ష వాళ్ళకి పది పదివేలు, మన కోటి వాళ్ళకి వెయ్యి పదివేలు. ఇంగ్లీషు మిలియన్లలోకి మార్చి మళ్ళీ మార్చకు, లక్షలూ కోట్ల నుంచి నేరుగా వెళ్ళు.

సాధన ఎలా అంటే, ఒక తోటి క్యాడెట్‌ని పట్టుకో. పరుగులో అతను ఏదో ఒక రెండంకెల సంఖ్య నీ మాతృభాషలో అరవాలి, నువ్వు పది అడుగులు పడేలోగా ఆ భాషలో తిరిగి అరవాలి. ఊపిరి ఆడనప్పుడు వచ్చిన అంకె ఎప్పుడైనా వస్తుంది. మేం ఇద్దరం ఇలాగే చేస్తుంటే ఒక సీనియర్ పట్టుకుని, ఇంత ఊపిరి మిగిలి ఉందా అని ఇంకో రెండు రౌండ్లు వేయించాడు. ఆ రెండు రౌండ్లలో నూట డెబ్భై దాకా సంఖ్యలు అరుచుకున్నాం.

అసలు క్యాడెట్‌కి చదువుకునే టైము దొరకదు. దొరికేది నిలబడే టైము. మెస్ ముందు, ఆయుధాలుంచే ఆర్మరీ ముందు, ఫాలిన్ వరసలో, మెడికల్ రూమ్ బయట. రోజుకి ఎంత లేదన్నా గంట. దాన్ని పట్టుకో. జేబులో ఎనిమిది చీటీలు చాలు, రెండు వైపులా రాసి. ఎనిమిదే ఎందుకంటే, ఎక్కువైతే జేబు ఉబ్బి ఇన్‌స్పెక్షన్‌లో దొరికిపోతావు. సాయంత్రం చదువుకునే పీరియడ్‌ని మిగతా సబ్జెక్టులకి వదిలెయ్, భాషకి చివరి పది నిమిషాలు చాలు, ఆ రోజు చీటీలు మార్చుకోవడానికి.

నిద్ర సంగతి. వస్తుంది. ఈత తర్వాత పీరియడ్ అయితే ఇంకా వస్తుంది. లాంగ్వేజ్ ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే జోలపాటే. మా క్లాసులో ఒకడు టేపుతో పాటు వాక్యాలు తిరిగి చెబుతూనే నిద్రపోయాడు, గొంతు సాగుతోంది, గడ్డం ఛాతీ మీద ఆనింది, ఉచ్చారణ మాత్రం మెలకువలో కంటే బాగుంది. దానికి మందు ఒకటే, నిద్ర ఆగదనిపించక ముందే లేచి వెనక్కి వెళ్ళి నిలబడటం. మొదటి రోజే టీచర్ దగ్గర అనుమతి తీసుకుని పెట్టుకో. భాషా టీచర్లలో చాలామంది యూనిఫాం లేని సివిలియన్లు, నిద్రపోతున్నవాణ్ణి చూసి జాలిపడి వదిలేస్తారు. ఆ జాలి నీకు మంచిది కాదు. ఇంకోటి, క్లాసులో గొంతెత్తి మాట్లాడు. పరేడ్ గ్రౌండ్‌లో గొంతు చించుకునే కుర్రాళ్ళు విదేశీ భాషలో ఒక్క వాక్యానికి గొణుగుతారు. తప్పు పలికితే తోటివాళ్ళు నవ్వుతారని. నవ్వుతారు. రెండు వారాలు నవ్వి మానేస్తారు.

భాషా క్లాసులో వచ్చే ర్యాంకు గురించి కూడా బెంగ వద్దు. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో 1803 నుంచే ఫ్రెంచ్ నేర్పారు. మాట్లాడటానికి కాదు, అప్పట్లో ఇంజనీరింగ్, కోటల నిర్మాణం మీద మంచి పుస్తకాలన్నీ ఫ్రెంచ్‌లో ఉండేవి కాబట్టి. అక్కడ చదివిన యులిసిస్ గ్రాంట్ ఫ్రెంచ్‌లో ఎంత వెనకబడ్డాడంటే, క్లాసు జాబితాని తిరగేస్తే తాను మొదట్లో ఉండేవాణ్ణని తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. ఆయన తర్వాత సర్వసైన్యాధిపతీ అయ్యాడు, అధ్యక్షుడూ అయ్యాడు. అదే అకాడమీలో 1904లో పట్టా పుచ్చుకున్న జోసెఫ్ స్టిల్‌వెల్ ఇంకో రకం. ఫ్రెంచ్, స్పానిష్ బాగా వచ్చినవాడు, చైనీస్ మాత్రం ముప్ఫై అయిదు దాటాక బీజింగ్‌లో కూర్చుని నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా, బర్మా రంగానికి ఆయన్ని పంపడానికి ఆ భాష ఒక ముఖ్య కారణం. అకాడమీలో నీకు ఏ భాష పడితే అదే నీ తలరాత అనుకోనక్కర్లేదు.

అందుకే "ఏది అడగాలి" అనే దానికి నా జవాబు నీకు నచ్చకపోవచ్చు. చాలాచోట్ల అడిగింది ఇవ్వరు, సీట్లు చూసి పంచుతారు. అడిగే వీలుంటే, ముందు సీనియర్లని ఏ భాష టీచరు క్లాసులో ఎక్కువ మాట్లాడిస్తాడో కనుక్కో, ఆ భాష అడుగు. భాష కంటే టీచరు ముఖ్యం. టీచర్లు అందరూ ఒకటే అయితే నీకు రష్యన్ చెబుతాను, పైన చెప్పిన కారణాల వల్ల. శాంతిదళాల మీద మనసుంటే ఫ్రెంచ్. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లో ఇంగ్లీషు తర్వాత పని నడిచేది దానిలోనే. చైనీస్ మాత్రం కమిషన్ వచ్చి ఆఫీసరువయ్యాక కూడా వదలకుండా పట్టుకుంటానన్న నమ్మకం ఉంటేనే. అది రెండేళ్ళు చదివి వదిలేస్తే మిగిలేది తక్కువ.

పనికొస్తుందా అన్నావు. దుబాసీ పక్కనున్నా పనికొస్తుంది, ఇంకా చెప్పాలంటే అప్పుడే ఎక్కువ పనికొస్తుంది. ఎదుటివాడు రెండు నిమిషాలు చేతులు తిప్పుతూ మాట్లాడితే దుబాసీ "లేదంటున్నాడు సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ రెండు నిమిషాల్లో నీకు "నిన్న", "రోడ్డు", "పన్నెండు" అనే మూడు మాటలు అందినా, "నిన్న రోడ్డు మీద పన్నెండు మంది గురించి ఏదో అన్నాడు, అది చెప్పు" అని అడగగలవు. అప్పట్నుంచి ఆ దుబాసీ నీ దగ్గర ముక్తసరిగా తేల్చడు. మాట్లాడేటప్పుడు దుబాసీ మొహం చూడకు, ఎదుటివాడి మొహం చూడు. కొత్త ఆఫీసర్లు దాదాపు అందరూ చేసే తప్పు అది.

ఫోను అనువాదం చేసేస్తుంది కదా అని నీ బ్యాచ్‌లో ఎవడో ఒకడు అంటాడు. ఫోను గేటు దగ్గరే వదిలి వెళ్ళాల్సిన చోట్లే నీ ఉద్యోగం ఎక్కువ. ఉన్నా కూడా రహస్య పత్రంలోని వాక్యాన్ని ఏదో కంపెనీ సర్వర్‌లో టైప్ చేసినవాడికి తర్వాత ఏమవుతుందో భద్రతా పాఠాల్లో చెబుతారు.

చేరేలోపు ఎన్ని వారాలున్నాయో రాయలేదు. భాష ముందే తెలిస్తే లిపి ఇంట్లోనే పూర్తి చేసుకుని వెళ్ళు, మొదటి నెలలో నీకు దేనికీ తీరిక ఉండదు. తెలియకపోతే ఊరికే ఉండు, పరుగు పెంచుకో. ఏ భాష ఇచ్చారో చెప్పు. రష్యన్ అయితే, మా మార్జిన్ రాతల పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, డ్రిల్ కమాండ్లున్న పేజీలు ఫోటో తీసి పెడతాను.